ఒక బకెట్ తోడు

కాగ్వాసూ ఎర్రమట్టి మీద నాకున్నది
ఒక తురుము యంత్రం, నాలుగు పిండి తొట్లు,
ఇంటి వెనక గోతిలో పడుకున్న
పదకొండు మీటర్ల నల్ల ప్లాస్టిక్ సంచి.
కర్రపెండలం తొక్కలూ, పిప్పీ, కడుగునీళ్ళూ
అన్నీ దానికే.
ఒక కొసన మింగుతుంది, ఇంకో కొసన వదులుతుంది,
మధ్యలో పొట్ట ఉబ్బించుకుని
వంటింటికి నీలిమంట పంపిస్తుంది.

అంతకుముందు ఆ నీళ్ళు వాగులోకి పోయేవి.
పాలలా తెల్లగా. చూడ్డానికి బాగానే ఉండేవి.
ఒక జనవరి పొద్దున మొహర్రా చేపలు వెల్లకిలా తేలాయి,
వాటి పొట్టలు నా పిండి కన్నా తెలుపు.
దిగువ పొలం క్రిసోస్తొమో గట్టెక్కి వచ్చి
ఒక చేపని నా గేటుకి గుచ్చి పోయాడు.
మాట అనలేదు.
ఆ తర్వాత మూడేళ్ళూ అనలేదు.
సంచి అందుకే కొన్నాను,
దేశాన్ని ఉద్ధరించడానికి కాదు.

యూనివర్సిటీ నుంచి యెరుతి అనే పిల్ల వచ్చి
సంచిలోంచి చెంచాడు బురద పట్టుకుపోయింది.
మళ్ళీ వచ్చినప్పుడు చేతిలో గాజు పళ్ళెం,
అడుగున పిండి జిగురు.
దాని మీద అయోడిన్ చుక్కలు పోసింది.
పళ్ళెమంతా అమావాస్య.
ఆ నలుపులో అక్కడక్కడా తేటగా గుండ్రాలు,
ఒక్కో గుండ్రం నడుమ ఆవగింజంత మచ్చ.
"ఇవే నీ కూలీలు," అంది.
"తిన్నంత మేర వెలుతురు. మిగతాదంతా ఇంకా పిండే.
వీటికి నోరు లేదు, పళ్ళు లేవు.
ఉమ్మిలాంటిది బయటికే వదిలి
పిండి గొలుసుల్ని తెంపి తెంపి
తీపయ్యాక పీల్చుకుంటాయి."
పళ్ళు రాని తమ్ముడికి అమ్మ
పెండలం నమిలి పెట్టేది, అలాగా అన్నాను.
కాసేపు ఆలోచించి, దాదాపు అలాగే అంది.

పవిత్ర వారం ముందు
ఊరూరా చీపా రొట్టెలకి పిండి కావాలి.
రాత్రింబవళ్ళు తురిమాను.
వచ్చిన చెత్తంతా సంచి గొంతులో కుక్కాను.
ఆశ, ఇంకేమంటారు దాన్ని.
పిండి తినేవాళ్ళకి విందు.
వాళ్ళు వదిలిన పులుపు తిని గాలి చేసేవాళ్ళు
వెనక బంతిలో కూర్చునే నిదానస్తులు,
వడ్డన ఆగకపోయేసరికి విస్తట్లోనే మునిగిపోయారు.
సోమవారం మంట పాలిపోయింది.
మంగళవారం అగ్గిపుల్లే ఆరిపోయింది.
సంచి మాత్రం నిండుగా ఉంది,
మండని గాలితో.
విరిగిన పాల వాసన, తాగుబోతు చొక్కా వాసన.

యెరుతి ఫోన్లో అంది:
"పస్తు పెట్టు. కాస్త కాస్త పొయ్యి బూడిద కలుపు.
ఎవరి దగ్గరైనా బతికున్న బురద దొరికితే తోడు వెయ్యి."
ఎవరి దగ్గరైనా, అట!
ఈ వాగు పొడవునా పందుల పేడతో
గ్యాసు తీసేది ఒక్కడే.

అతని గేటు ముందు నిలబడ్డాను.
గాలి నా వైపు నుంచే వీస్తోంది,
చెప్పాల్సిన పని లేకపోయింది.
ముక్కు ఎగబీల్చి
"పులిసిందా?" అన్నాడు.
పులిసింది, అన్నాను.
లోపలికి పోయి చాలాసేపు రాలేదు.
కుక్క నన్ను చూసి మొరిగి, విసిగి, పడుకుంది.
వచ్చాడు, బకెట్ నిండా నల్లగా, గోరువెచ్చగా,
పైన చిన్న బుడగలు చిట్లుతూ.
"ముందు కొద్దిగా తినిపించు," అన్నాడు.
"బకెట్ నాది."

పండగ కట్టెల మీదే గడిచింది,
కళ్ళ నిండా పొగ, చీపాల అడుగు మాడు.
తొమ్మిది రోజులు సంచికి మెతుకు వెయ్యలేదు.
పదో రోజు పొయ్యి తపతపలాడి,
అంచున ఒక నీలిగీత పుట్టి,
ఆరి,
మళ్ళీ పట్టింది.
కేటిల్ పెట్టాను. మరిగేదాకా
అక్కడే నిలబడి చూశాను, కొత్తదాన్లా.

వాగు దగ్గరికీ వెళ్ళాను.
వానకి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి,
చేపలున్నదీ లేనిదీ తెలియలేదు.

బకెట్ మూడుసార్లు కడిగాను.
ఖాళీగా తిరిగివ్వబుద్ధి కాలేదు.
చీపాలు పెడితే లంచంలా ఉంటుంది,
పిండి పెడితే ఎగతాళిలా.
వరండాలో బోర్లించి ఉంది, ఇప్పటికీ.